మైనస్ ఏడు

చిట్టీ ఎత్తిన మర్నాడే
హిమాయత్‌నగర్‌ల ఇరుకు మెట్లెక్కి కూర్చున్నం, నేనూ నర్సింగూ.
ట్రావెల్స్ పిల్లగాడు టేబుల్ మీద
నాలుగు పడవలు పరిచిండు, పేకముక్కల్లెక్క.
అన్నిట్ల ఒకటే నీలం.
అన్నిట్ల ఒకటే పసుప్పచ్చ చేప.

ఇది పెద్ద పడవ, అరవై మంది, డీజే ఉంటది.
ఇది అద్దం అడుగుది, తడవకుండనే చూసి రావచ్చు.
ఇందుల లంచ్ ఫ్రీ, ఇందుల ఫొటోలు ఫ్రీ.
నేనడిగిన:
నీళ్ళల్ల ఒక్క గైడుకు ఎంతమంది?
పిల్లగాడు కాలిక్యులేటర్ వంక చూసిండు.
ఊపిరందకపోతే చెయ్యెట్ల ఊపాలె?
"మేడం, వెజ్జూ నాన్‌వెజ్జూ రెండూ ఉంటయి."
నర్సింగ్ టేబుల్ కింద నా కాలు తొక్కిండు.
అరవై మందిది రెండువేలు తక్కువ.

అబిడ్స్‌ల మా సేటు కొట్టు.
ఇరవై రెండేండ్లు, కండ్లద్దాలు అరగదీస్తున్న.
ఎవరి చూపు ఎంత దూరంల తెగుతదో
కొట్టు మెట్టెక్కే తీరుల్నే చెప్త.
నాది మైనస్ ఏడు.
అద్దాలు తీస్తే నర్సింగ్ మొఖం
దండెం మీది తువ్వాల.
నాలుగు పడవలూ చేపల రంగులే చెప్తున్నయి,
ఆ రంగు నాదాకా ఎట్లొస్తదో ఒక్కటీ చెప్తలేదు.

ఇంటికొచ్చి ఫోన్లు చేసిన.
ఒకటి హోల్డ్‌ల పెట్టి పాట వినిపించింది.
ఒకటి హలో అనకముందే అడ్వాన్స్ నంబర్ పంపింది.
ఇంకోటి గైడే ఎత్తిండు,
వెనక ఇంజను దడదడ.
పేరు సింహాచలం. తాత నాడే సోంపేట నుంచి
దీవికి పోయిన్రట.
"ఈతొచ్చాండి?" రాదు.
"ఆయాసం, బీపీ ఏటైనా?" లేదు.
"కళ్ళజోడు ఎట్టుకుంటారా?" పెట్టుకుంట.
"నంబరెంతండి?"

ఇరవై రెండేండ్ల సంది నేనడిగే మాట
సముద్రం అవతల నుంచి నన్నే అడిగింది.

"ఏడు నేదండి మా కాడ. ఆరు అద్దం ఉన్నాది.
నీటడుగున అన్నీ కూసింత పెద్దగా అవుపిస్తాయి, సరిపోద్ది.
నలుగుర్నే తీసికెల్తాను.
భయమేస్తే నా చెయ్యి ఒగ్గీకండి.
గాలి తిరిగితే మాత్రం పడవ తియ్యను,
డబ్బులు ఎనక్కి ఇచ్చెస్తాను."

పడవ తియ్యను అన్నకాడ
నర్సింగ్ లేచొచ్చి ఫోన్‌కు చెవి ఆనిచ్చిండు.

ఓ అక్టోబరు వానకు
మూసారంబాగ్‌ల మా గల్లీకి నీళ్ళు రొమ్ముదాకా వచ్చినయి.
పక్కింటి గేటు పట్టుకొని నిలబడ్డ.
చాయ్ రంగు నీళ్ళు.
ఏదో వచ్చి తగిలింది, అద్దాలు పోయినయి.
కాలికింద మెట్టో, మ్యాన్‌హోలో.
నర్సింగ్ పిలుస్తున్నడు, ఏ దిక్కు నుంచో.
గంటన్నర
నా పాదాలు నాకు కనబడలే.

ఇది ట్రావెల్స్ పిల్లగానికి ఎట్ల చెప్పాలె?
నర్సింగ్‌కే చెప్పలే.
నాకు చేపల పిచ్చి పట్టిందని
కొట్టుకొచ్చి సేటుకు చెప్పి నవ్విండు.
చేపలు కనబడకపోయినా సరే.
ఒక్కసారి నీళ్ళల్ల నిలబడి
కిందికి చూసి
పది వేళ్ళూ లెక్కపెట్టుకోవాలె.

అడ్వాన్స్ కట్టిన.
కోఠిల పైపు, ముక్కు మూసే మాస్కు కొన్న,
పిల్లల సైజే దొరికింది, చెంపల మీద గీతలు పడుతున్నయి.
నల్లా వచ్చే రోజు పొద్దుగాల
టబ్బు నింపి తలకాయ ముంచిన.
మొదటిసారి నీళ్ళు మింగిన.
రెండోసారి మోటర్ చప్పుడు,
దాని కింద నా ఊపిరి చప్పుడు.
చెయ్యి మొఖం దగ్గరికి తెచ్చుకున్న.
బొటనవేలి మీద పాత గాజుకోత,
దాని పక్క కుట్టు, ఒకటి, రెండు, మూడు,
అద్దాలు లేకుండనే.

తలుపు కొట్టి నర్సింగ్: "ఉన్నవా?"
తల ఎత్తబుద్ధి కాలే.
పైపుల నుంచి
బూ అన్న.